ముందు గది నుంచి వెనక గదికి 12 జీబీ

బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్‌కి సుమారు 25 కిలోమీటర్లు. మహామాయ గుడికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. రతన్‌పూర్‌లో ఒక తెలుగు ఇల్లు ఉందనుకోండి. తాతగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ముందు గదిలో పాత విండోస్ కంప్యూటర్, అందులో 4,000 ఫొటోలు. ఒక్కోటి 3 ఎంబీ చొప్పున మొత్తం 12 జీబీ. వెనక గదిలో మనవడి చేతిలో లినక్స్ మీద నడిచే చిన్న పరికరం. రెండింటికీ మధ్య ఒక గోడ. ఆ ఫొటోలు గోడ దాటడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటర్నెట్ దారిన పంపితే, రోజుకి 1.5 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్ మీద ఎక్కించడానికే 8 రోజులు పడుతుంది. మళ్ళీ దించుకోవడానికి ఇంకో 8 రోజులు. ఇంట్లో రౌటర్ మీదుగా నేరుగా పంపితే, బాగా నెమ్మదిగా ఉన్న వైఫైలో కూడా 40 నిమిషాలు. దానికి ఇంటర్నెట్ డేటా ఒక్క ఎంబీ కూడా ఖర్చవదు, ఆ పూట కనెక్షన్ పనిచేయకపోయినా పని ఆగదు. ఇంత తేలికైన దారి ఇంట్లోనే ఉందని చాలామందికి తెలియదు. అందుకే ఈ లెక్కలన్నీ.

ఆ ఫొటోల విలువ గురించి ఒక మాట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాళ్ళ నాగ్‌పూర్–అసన్‌సోల్ లైను బిలాస్‌పూర్ మీదుగా 1891లో పూర్తయింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ దాకా లైను 1931 నాటికి కలిసింది. ఉత్తరాంధ్ర జనం ఉద్యోగాల కోసం ఇటు రావడానికి ఆ పట్టాలే దారి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రమైంది. విశాఖ–కోర్బా ఎక్స్‌ప్రెస్ ఇవాళ్టికీ రెండు వైపులా చుట్టాలని చేరవేస్తోంది. ఇలాంటి ఇళ్ళలో మూడు తరాల పెళ్ళిళ్ళు, క్వార్టర్ల ముందు దిగిన ఫొటోలు చాలాసార్లు ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంటాయి.

చేతిలో పట్టే లినక్స్ మన దేశానికి కొత్తేమీ కాదు. బెంగళూరులో 2001లో తయారైన సింప్యూటర్ 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద లినక్స్‌నే నడిపింది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ 7 అంగుళాల తెర, 16 జీబీ ర్యామ్ ఉన్న ఆటల పరికరం. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళితే అది పూర్తి లినక్స్ కంప్యూటరే. డాల్ఫిన్ అనే ఫైల్ మేనేజర్ అందులో ముందే ఉంటుంది. మనవడి చేతిలోదీ అలాంటిదే అనుకోండి.

విండోస్ కంప్యూటర్ ఫోల్డర్ షేర్ చేసేటప్పుడు మాట్లాడే భాష పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. లినక్స్ లోకానికి ఆ భాష నేర్పినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో విద్యార్థిగా ఉన్నప్పుడు, వైరు మీద రెండు యంత్రాలు ఏం మాట్లాడుకుంటున్నాయో గమనించి, దాన్నిబట్టి సొంత ప్రోగ్రామ్ రాసుకున్నాడు. తర్వాత పేరు మార్చాల్సి వస్తే, ఎస్, ఎం, బీ అక్షరాలు ఆ వరసలో వచ్చే మాటల కోసం కంప్యూటర్‌లోని పదాల జాబితా వెతికాడు. అలా దొరికిన పేరు సాంబా. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పని మనకి ఉచితంగానే అందుతోంది.

ఇంట్లో చేయాల్సింది కొంచెమే. విండోస్‌లో ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి షేర్ చేయండి. మనవడి కోసం వేరే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. పొరపాటున డిలీట్ నొక్కినా తాతగారి ఫొటో పోకూడదు. కంప్యూటర్ అడ్రస్ 192.168.1.20 అయితే, డాల్ఫిన్‌లో పైనున్న పట్టీలో ఎస్ఎంబీ అని ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లో కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే ఈ అంకెలు వేసి ఎంటర్ నొక్కాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఈ అడ్రస్ అప్పుడప్పుడు మారిపోతుంటుంది కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో దాన్ని ఆ కంప్యూటర్‌కే ఖాయం చేసుకోండి. పరికరం గెస్ట్ వైఫైలో ఉంటే ఎంత వెతికినా కంప్యూటర్ కనిపించకపోవచ్చు. గెస్ట్ వైఫై ఉండేదే వచ్చినవాళ్ళ పరికరాలని ఇంటి యంత్రాలకి దూరంగా ఉంచడానికి.

ఇక వేగం. రౌటర్ పెట్టె మీద రాసే అంకెలు మెగాబిట్లు, ఫైలు సైజు మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక్క యాంటెన్నా ఉన్న పరికరానికి కాగితం మీద 72 మెగాబిట్లు ఉన్నా, చేతికందేది 40 దాకా, అంటే సెకనుకి 5 ఎంబీ. ఇందాక చెప్పిన 40 నిమిషాలు ఈ లెక్కన వచ్చినవే. 5 గిగాహెర్ట్జ్‌లో సెకనుకి 30 ఎంబీ అందితే అదే పని 6 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది.

వేగం ఎక్కడ తగ్గుతుందో రైల్వే ఇంట్లో చెప్పడం సులువు. దారంతా డబుల్ లైను వేసి మధ్యలో ఒక్క ముక్క సింగిల్ లైను వదిలితే, బళ్ళన్నీ అక్కడే ఆగుతాయి. ఇంట్లో ఆ ముక్క ఒక్కోసారి వైరే. నెట్‌వర్క్ కేబుల్‌లో 8 తీగలుంటాయి. 1,000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి. ఒక్కటి తెగినా, కొనల్లో సరిగా కూర్చోకపోయినా వేగం 100కి పడిపోవచ్చు. అప్పుడు సెకనుకి 11 ఎంబీకి మించదు, 12 జీబీకి 18 నిమిషాలు. కంప్యూటర్‌ని కూడా వైఫైలోనే పెడితే ప్రతి ఫొటో గాలిలో రెండుసార్లు వెళ్ళాలి, ఒకసారి రౌటర్‌కి, మరోసారి చేతిలోని పరికరానికి. వేగం దాదాపు సగమవుతుంది. కొత్త రౌటర్ కొనేముందు కంప్యూటర్‌కి ఒక మంచి కేబుల్ తగిలించి చూడండి.

నిజానికి చూడ్డానికైతే కాపీ చేయాల్సిన పనే లేదు. 4 జీబీ ఉన్న 2 గంటల పెళ్ళి వీడియోకి సెకనుకి 4.4 మెగాబిట్లు చాలు. ఇందాకటి నెమ్మది వైఫై అయినా దాన్ని మోయగలదు. కాకపోతే ఎస్ఎంబీని నేరుగా చదవడం రాని ప్లేయర్‌తో తెరిస్తే, ఫైలంతా దిగాకే బొమ్మ మొదలయ్యే అవకాశం ఉంది. వీఎల్‌సీకి ఆ భాష వచ్చు. ఫొటోల దగ్గర ఇబ్బంది వేరు. ఒక్కో ఫైలుకి 20 మిల్లీసెకన్ల ఎదురుచూపు వేసుకున్నా 4,000కి 80 సెకన్లు ఊరికే పోతాయి. ఏడాదికో ఫోల్డర్ చేస్తే ఒక్కోసారి ఆ ఏడాదివే తెరుస్తారు కాబట్టి ఈ బాధ తగ్గుతుంది.

తెలుగు పేర్ల సంగతి చాలామంది దృష్టికి రాదు. విండోస్‌లో ఫైలు పేరు 255 గుర్తుల దాకా ఉండొచ్చు. లినక్స్ డిస్కులో పరిమితి 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది. కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘అమ్మమ్మ’ లోపల అ, మ, పొల్లు, మ, మ, పొల్లు, మ అని 7 గుర్తులు, 21 బైట్లు. అంటే లినక్స్‌లో తెలుగు పేరుకి హద్దు 85 గుర్తులు. పెళ్ళి, ఊరు, తారీఖు, ఎవరెవరున్నారో అంతా పేరులోనే రాసుకునే అలవాటున్న ఇంట్లో ఇది దాటడం కష్టమేమీ కాదు. అప్పుడు పేరు పొడుగైందని కాపీ ఆగిపోతుంది.

భద్రత విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఎస్ఎంబీ పాత వెర్షన్ ఎస్ఎంబీ1 జోలికి పోవద్దు. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై వైరస్ దాడి విండోస్‌లో దాని లోపాన్ని పట్టుకునే 150 దేశాల దాకా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది, వేసుకోనివాళ్ళే నష్టపోయారు. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ1 మామూలుగా ఆపేసే ఉంటుంది. మీ పాత రౌటర్‌కి తగిలించిన హార్డ్ డిస్క్ కొత్త లినక్స్ పరికరానికి కనిపించకపోతే కారణం చాలావరకు ఇదే. ఎస్ఎంబీ1ని మళ్ళీ తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ డిస్కుని ఊడదీసి కంప్యూటర్‌కే తగిలించి, అక్కణ్ణుంచి షేర్ చేయండి. రౌటర్‌లో ఎస్ఎంబీ వాడే 445 నంబరు పోర్టుని బయటి ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకండి.

ఇంకొక్కటి. షేర్ చేసిన ఫోల్డర్ రెండో కాపీ కాదు. ముందు గది కంప్యూటర్ పోతే వెనక గదిలో కనిపించిన ఫొటోలూ పోతాయి. ఈ ఆదివారం ఆ 12 జీబీని ఒక విడి డిస్కులోకి ఎక్కించి, బిలాస్‌పూర్‌లో చుట్టాల ఇంట్లో పెట్టి రండి.