గీతల దగ్గర పోయే పందేలు



క్రీడాదినోత్సవం నాడు ఒక సంగతి గమనించండి. వంద మీటర్ల పందెంలో అందరికన్నా వేగంగా పరుగెత్తగలవారే ఒక్కోసారి ఓడిపోతారు. ఒకరు విజిల్‌కన్నా ముందే కదులుతారు. ఇంకొకరు పక్కవారి గీతలోకి వెళ్తారు. మరొకరు గెలిచేశామనుకుని చివరి నాలుగు అడుగుల్లో నెమ్మదిస్తారు. ముగ్గురి కాళ్ళలోనూ బలానికి లోటు లేదు. ఇలాంటి ఓటములు మరీ స్పష్టంగా కనిపించే పోటీ ఒకటుంది. దాని పేరు డ్రాగ్ రేస్.

డ్రాగ్ రేస్ అంటే ఏమిటి?

మలుపులు లేని తిన్నని దారి మీద రెండు కార్లు గానీ, రెండు మోటార్ సైకిళ్ళు గానీ పక్కపక్కన నిలబడతాయి. కదలకుండా ఉన్న చోటి నుంచి బయలుదేరి పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, ముందుగా ఎవరు దాటితే వారిదే గెలుపు. మంచి బండి అయితే పది పన్నెండు సెకన్లలో అంతా అయిపోతుంది. అమెరికాలో ఈ పోటీలకు నియమాలు ఏర్పరచిన జాతీయ సంఘం 1951లో పుట్టింది. మనకు దగ్గరలో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాక్ ఉంది. మోటార్ సైకిళ్ళ జాతీయ డ్రాగ్ రేసులు అక్కడ జరుగుతాయి. అంతకుముందు ఈ క్లబ్ వారి పోటీలు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి.

మొదటి గీత: బయలుదేరే చోటు

ప్రారంభ గీత దగ్గర నేలకు కొద్ది ఎత్తులో సన్నని కాంతి కిరణాలు అడ్డంగా ప్రసరిస్తుంటాయి. ముందు చక్రం వాటికి అడ్డుపడగానే బండి సరైన చోట నిలిచిందని దీపాలు చెబుతాయి. తర్వాత స్తంభం మీద మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని కింద ఒకటి వెలుగుతాయి. ఆ వెంటనే పచ్చదీపం. పచ్చదీపం వెలగకముందే చక్రం కిరణాన్ని వదిలిందా, ఎర్రదీపం వెలుగుతుంది. బండి ఎంత వేగంగా పోయినా ఇక లాభం లేదు. కొత్తగా పోటీకి వచ్చినవారు ఎక్కువగా సిగ్గుపడేది ఇక్కడే. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అలాగని నిద్రపోతే కూడా కష్టమే. ఇక్కడ చిన్న లెక్క ఉంది. దూరాన్ని దాటిన సమయాన్ని బండి కదిలిన క్షణం నుంచి లెక్కిస్తారు. పచ్చదీపం వెలిగాక కదలడానికి పట్టిన సమయం వేరు. ఉదాహరణకు రాము 0.10 సెకనులో కదిలి, 12.00 సెకన్లలో దూరం దాటాడనుకుందాం. సోము 0.30 సెకనులో కదిలి, 11.85 సెకన్లలో దాటాడు. సోము బండే వేగమైనది. కానీ కూడి చూడండి: రాముది 12.10, సోముది 12.15. గెలిచింది రాము!

పరుగు పందెంలోనూ ఇదే నియమం. తుపాకీ పేలిన తర్వాత 0.100 సెకనుకన్నా ముందే కదిలితే తప్పుడు ప్రారంభంగా లెక్కిస్తారు, ఎందుకంటే శబ్దం విని కదలడానికి మనిషికి ఆమాత్రం సమయం పడుతుంది. 2011లో దేగూలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఉసేన్ బోల్ట్ అంతటివాడు 100 మీటర్ల ఫైనల్లో ముందే కదిలి, ఒక్క అడుగు కూడా లెక్కకు రాకుండానే బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

మన తెలుగమ్మాయి, విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ కథ కూడా తెలుసుకోండి. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనా క్రీడాకారిణి వూ యాన్ని తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు జ్యోతిని కూడా తప్పుపట్టారు. జ్యోతి ఏడుస్తూ వెళ్ళిపోలేదు. ముందు కదిలింది తాను కాదని అక్కడే నిలబడి చెప్పింది. వీడియో పరిశీలించాక ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అంత అలజడి తర్వాత కూడా ఆమె 12.91 సెకన్లలో మూడో స్థానంలో గీత దాటింది. ఆ తర్వాత రెండో స్థానంలో వచ్చిన వూ యాన్నిని అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతికి రజతం దక్కింది. నియమం తెలిసి ఉండటం కూడా ఆటలో భాగమే అని దీనివల్ల తెలుస్తోంది.

రెండో గీత: పక్కనున్నది

డ్రాగ్ రేసులో మధ్య గీత దాటడం ఎర్రదీపంకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే అది పక్కవారి ప్రాణానికే ముప్పు. బండి పక్కకు లాగుతుంటే వేగం తగ్గించాలి. పోటీ పోతుందేమోనన్న పంతంతో కొత్తవారు తగ్గించరు. పందెమూ పోతుంది, పరువూ పోతుంది.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో తమిళనాడుకు చెందిన జి. లక్ష్మణన్ 10,000 మీటర్ల పరుగులో మూడో స్థానంలో వచ్చారు. కానీ దారిలో ఆయన అడుగు ట్రాక్ లోపలి గీత అవతల పడిందని తేలింది. పది కిలోమీటర్ల శ్రమకు దక్కిన కాంస్యం ఆ అడుగుతో పోయింది.

మూడో గీత: ముగింపు

ముందున్నాం కదా అని గీతకు ముందే యాక్సిలరేటర్ వదిలేసేవారు ఉంటారు. పక్కవాడు ఎక్కడున్నాడా అని తల తిప్పేవారూ ఉంటారు. ఇల్లు అలకగానే పండుగ కాదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సమయం 55.42 సెకన్లు. కాంస్యం గెలిచిన రొమేనియా క్రీడాకారిణిది 55.41. తేడా సెకనులో నూరో వంతు! పరుగులో గీతను ఛాతీ దాటిన క్షణాన్నే లెక్కిస్తారు. అందుకే చివరి అడుగులో ముందుకు వంగడాన్ని కూడా సాధన చేయిస్తారు.

గీత దాకా రాకముందే

కొన్ని పందేలు మొదలుకాకముందే పోతాయి. పెట్రోలు చూసుకోకపోవడం, టైర్లలో గాలి సరిచూడకపోవడం, పేరు పిలిచినప్పుడు అక్కడ లేకపోవడం, కంగారులో గేరు తప్పడం వంటివి. వీటికి డబ్బు ఖర్చు లేదు. చిన్న కాగితం మీద జాబితా రాసుకుని ఒక్కొక్కటే చూసుకుంటే చాలు.

మన చేతిలో లేనివీ ఉంటాయి. 2022లో కోళిక్కోడ్‌లో జ్యోతి 13.09 సెకన్లలో పరుగెత్తింది. వెనుకగాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు ఉంది. 2.0 దాటితే రికార్డుగా ఒప్పుకోరు. గాలిని ఎవరు ఆపగలరు? తర్వాతి నెలలోనే సైప్రస్‌లో 13.23 సెకన్లతో, ఇరవై ఏళ్ళ నాటి 13.38 జాతీయ రికార్డును ఆమె దాటింది. గాలివల్ల పోయింది మళ్ళీ వస్తుంది. అజాగ్రత్తవల్ల పోయినదాన్ని మాత్రం మనమే సరిదిద్దుకోవాలి.

ఒక హెచ్చరిక. ఈ పోటీలు హెల్మెట్, రక్షణ దుస్తులు, అంబులెన్సు, అధికారులు ఉన్న ట్రాక్ మీద జరగాల్సినవి. కడలూరు రోడ్డు మీద కాదు. బహిరంగ రోడ్ల మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం నేరం. అక్కడ ఎర్రదీపం పడితే పోయేది పందెం ఒక్కటే కాదు. ఇంట్లో అన్నయ్యలుంటే వారికీ ఈ మాట చెప్పండి.

అమ్మానాన్నల బదిలీలతో మీరు రెండు మూడేళ్ళకోసారి కొత్త ప్రారంభ గీత దగ్గర నిలబడతారు. కొత్త బడి, కొత్త భాష, కొత్త స్నేహితులు. మొదటి రోజే అందరినీ మించాలని తొందరపడకండి. అక్కడి పద్ధతులు ముందు తెలుసుకోండి. పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదవండి, రోల్ నంబరు సరిచూడండి, గంట మోగేదాకా కలం దించకండి. అన్యాయం జరిగిందనిపిస్తే జ్యోతిలా మర్యాదగా, గట్టిగా అడగండి. మీకున్న వేగం మీకు దక్కాలంటే ఈ మూడు గీతల దగ్గర మెలకువగా ఉండండి. అందరికీ శుభాకాంక్షలు!