సర్వేపల్లి: ఊరు విడిచినా వదలని ఇంటిపేరు

సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఒక ఊరు. ఆ పేరుతో శాసనసభ నియోజకవర్గం కూడా ఉంది. అయినా దేశానికి ఆ పేరు తెలిసింది ఊరివల్ల కాదు, ఎప్పుడో అక్కడినుంచి దక్షిణానికి తరలిపోయిన ఒక నియోగి కుటుంబంవల్ల. తిరుత్తణిలో స్థిరపడిన ఆ ఇంట్లో 1888 సెప్టెంబరు 5న పుట్టిన రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారు. సర్వేపల్లిలో పుట్టకపోయినా ఆయన సర్వేపల్లి వారే.

తెలుగు ఇంటిపేర్లలో చాలావాటి కథ ఇదే. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరినీ ఆ ఊరిపేరుతో పిలవనక్కరలేదు, అందరిదీ ఒకే ఊరు కదా. కుటుంబం పొరుగూరికి వెళ్ళి కాపురం పెట్టాకే ‘ఫలానా ఊరివాళ్ళు’ అనే గుర్తు పుడుతుంది. రెండు మూడు తరాలకు అదే ఇంటిపేరుగా నిలిచిపోతుంది. కాబట్టి ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు ఆ కుటుంబం ఎక్కడ ఉంటోందో చెప్పదు, ఎక్కడినుంచి కదిలిందో చెబుతుంది. కరణీకం లాంటి ఉద్యోగాలు, చేతివృత్తులు, పూర్వీకుల పేర్లు, చెట్టూచేమల పేర్లు కూడా ఇంటిపేర్లయ్యాయి గాని, ఊళ్ళ పేర్లదే పెద్ద వాటా.

ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు చివరి అక్షరాలు కొద్దిగా మారుతుంటాయి. వేమూరు వారు వేమూరి వారవుతారు, గరికపాడు వారు గరికపాటి వారవుతారు. ‘పల్లి’తో ముగిసే పేర్లకు ఆ మార్పు అక్కరలేదు, అందుకే సర్వేపల్లి, మంగళంపల్లి ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. రాజవంశాల పేర్లూ ఈ పద్ధతినే నడిచాయి. ఆరవీడు నుంచి వచ్చిన వారు ఆరవీటి వారు. విజయనగరాన్ని చివరగా ఏలిన ఆ వంశం రాజధానిని పెనుకొండకు, చంద్రగిరికి మార్చి, 17వ శతాబ్దం మొదట్లో వేలూరు కోటకు చేర్చింది. రాజధాని ఎన్నిసార్లు మారినా వంశం పేరు ఆరవీటి గానే ఉంది.

ఇటలీలోనూ ఇలాంటి పేర్లు కనిపిస్తాయి. జెనోవా నగరం విడిచి వచ్చినవారి సంతతి జెనోవేజే అయింది, రోము నుంచి వచ్చినవారిది రొమానో అయింది. కమ్మరి పని చేసినవారి పేరు ఫెర్రారీ. 1563లో కాథలిక్ క్రైస్తవుల ట్రెంట్ మహాసభ ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళకు, జ్ఞానస్నానాలకు రిజిస్టరు రాయాలని నిర్ణయించడంతో అక్కడి ఇంటిపేర్లు కాగితం మీద స్థిరపడ్డాయి. తెలుగునాట ఆ పని పెళ్ళి సంబంధాలు చేశాయి. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ముల వరస కాబట్టి, సంబంధం మాట వస్తే ముందుగా అడిగేది ఇంటిపేరే. ఆడపిల్ల అత్తవారి ఇంటిపేరుకు మారుతుంది, దత్తు వెళ్ళిన కొడుకు దత్తత ఇంటిపేరు తీసుకుంటాడు.

రాధాకృష్ణన్ పుట్టేనాటికి తిరుత్తణి, వేలూరు, గుడియాత్తం, కనియంబాడి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. జిల్లా కేంద్రం మాత్రం చిత్తూరు. తెలుగు, తమిళం పక్కపక్కనే వినిపించే సీమ అది. ఆయన తండ్రి వీరాస్వామి జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. రాధాకృష్ణన్ తిరుత్తణిలో, తిరుపతిలో చదివాక 1900 నుంచి 1904 వరకు వేలూరు ఊరీస్ కళాశాలలో చదివి, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు వెళ్ళారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి తిరుత్తణి అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి వచ్చింది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. ఊరి చిరునామా ఇన్నిసార్లు మారినా ఇంటిపేరు మారలేదు.

మారిందల్లా దాన్ని రాసే తీరు. తెలుగువారు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత రాస్తారు. తమిళనాట సొంత పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెట్టడం వాడుక. అక్కడి తెలుగు కుటుంబాల్లో కొందరు ఆ చోట ఇంటిపేరు అక్షరం పెట్టారు, కొందరు తండ్రి పేరు అక్షరం పెట్టారు, కొందరు రెండూ కలిపి రెండు ఇనీషియళ్ళు రాశారు. సర్వేపల్లి అలా ‘ఎస్.’ అయింది. పేరు చివర తమిళ వాడుక ప్రకారం ‘న్’ చేరి రాధాకృష్ణ రాధాకృష్ణన్ అయింది. 1923లో లండన్‌లో వెలువడిన భారతీయ తత్వశాస్త్ర గ్రంథం మీదా ఉన్నది ఎస్. రాధాకృష్ణన్ అనే.

ఇంగ్లీషు పద్ధతిలో మొదటి మాట సొంత పేరు, చివరి మాట ఇంటిపేరు. 1931లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదు సొంత పేరు ముందు చేరుతుంది కాబట్టి ఆయన ‘సర్ సర్వేపల్లి’ అయ్యారు. ఇంటిపేరు సొంత పేరు చోటుకు, సొంత పేరు ఇంటిపేరు చోటుకు వచ్చాయి. కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ తండ్రి జీవితచరిత్రను 1989లో ప్రచురించారు. గ్రంథాలయాల జాబితాల్లో తండ్రి పేరు రాధాకృష్ణన్ కింద, కొడుకు పేరు గోపాల్ కింద ఉంటాయి. తెలుగులో ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరికీ ఆ జాబితాల్లో ఇంటిపేర్లు వేరు.

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు ఇళ్ళలోనూ ఇలాంటి చిక్కే ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తు ఇనీషియల్‌ను ఒప్పుకోదు, దాన్ని విప్పి పూర్తి మాటగా రాయమంటుంది. అక్కడ తండ్రి పేరు రాస్తే ఇంటిపేరు కాగితాల్లోంచి తప్పుకుంటుంది, తరవాతి తరానికి పెళ్ళి శుభలేఖల్లోనే మిగులుతుంది. ఇంటిపేరు రాసిన కుటుంబానికి మాత్రం తాతముత్తాతల ఊరు రికార్డులోకి ఎక్కుతుంది.