ద్రాక్ష గుత్తిలో లార్వాల రద్దీ: సంచారం, మనుగడ

దక్షిణ ఐరోపా ద్రాక్ష తోటలను ఆశించే ప్రధాన పురుగులలో లోబీసియా బోట్రానా ఒకటి. 2009లో ఇది కాలిఫోర్నియాలోని నాపా కౌంటీలో బయటపడగా, నిర్మూలించినట్లు ప్రకటించడానికి 2016 వరకు పట్టింది. దీని ఉధృతిని అంచనా వేయడానికి గుత్తులపై గుడ్లను, లార్వాలను లెక్కిస్తారు. అయితే ఆ సంఖ్య రెట్టింపైతే తరువాతి తరం రెక్కల పురుగులు కూడా రెట్టింపవుతాయని భావించరాదు. ఒకే గుత్తిలో లార్వాలు కిక్కిరిసినప్పుడు ఈ లెక్క తప్పుతుంది.

పొగాకు లద్దెపురుగు గుడ్లను ముద్దగా పెట్టడం, పిల్ల లార్వాలు ఒకే ఆకుపై గుంపుగా చేరి గోకి తినడం మన విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితం. లోబీసియా తీరు వేరు. ఇది మొగ్గలపై, కాయలపై చదునైన గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. అప్పటికే గుడ్లున్న కాయను తల్లి పురుగు వీలైనంత వరకు విడిచిపెడుతుంది. గుడ్లలోని కొవ్వు ఆమ్లాలు, వాటి ఎస్టర్లు దీనికి సంకేతాలుగా పనిచేస్తాయని పరిశోధనలలో తేలింది. రద్దీ వలన సంతతికి నష్టం లేకుంటే ఇటువంటి ప్రవర్తన నిలిచి ఉండేది కాదని ఊహించవచ్చు.

గుడ్డు నుండి వెలువడిన లార్వా పొడవు సుమారు 1 మి.మీ. మాత్రమే. అది వెంటనే తొలవదు. గుత్తిపై కొంతసేపు తిరుగుతూ అనువైన చోటు వెదకుతుంది. తొలి తరం లార్వా పూమొగ్గలను పట్టుదారంతో అల్లి గూడు కట్టుకుంటుంది. తరువాతి తరాలవి కాయలోనికి తొలుచుకొని పోతాయి. లోపలికి చేరిన లార్వాకు ఎండ, సాలీళ్ళు, స్పర్శ కీటకనాశినుల నుండి చాలా వరకు రక్షణ లభిస్తుంది. కనుక బయట తిరిగే ఆ స్వల్ప కాలమే దానికి గండం. మంచి చోట్లన్నీ నిండిపోతే ఆ కాలం పొడిగిపోతుంది. ఎదిగిన లార్వా సైతం ఆహారం చాలకపోతే గూడు విడిచి పక్క కాయకు మారవలసి వస్తుంది. దీనివలన మరణాలు పెరిగినా రైతుకు ఊరట లేదు. లార్వా మారిన ప్రతి కాయకు కొత్త గాయమవుతుంది, ఆ గాయం ద్వారా బూడిద రంగు కుళ్ళు తెగులు ప్రవేశిస్తుంది.

బ్రతికిన వాటిపై కూడా రద్దీ ముద్ర ఉంటుంది. తిండి తగ్గిన లార్వా నెమ్మదిగా పెరిగి, తేలికైన ప్యూపాగా మారుతుంది. అటువంటి ప్యూపా నుండి వచ్చిన ఆడ పురుగు సాధారణంగా తక్కువ గుడ్లు పెడుతుంది. చివరి తరంలో ఆలస్యమైన లార్వా, బెరడు క్రిందికి చేరకముందే కోతతో పాటు తోట దాటిపోవచ్చు.

సస్యరక్షణలో దీని ప్రాధాన్యం ఒక ఊహా లెక్కతో స్పష్టమవుతుంది. ఒక గుత్తి 6 లార్వాలను మాత్రమే పూర్తిగా పోషించగలదనుకొందాం. అందులో 12 ఉన్నప్పుడు మందు సగాన్ని చంపితే, మిగిలిన 6 ఏ ఇబ్బందీ లేకుండా పెరుగుతాయి. వచ్చే తరంలో తేడా కనిపించదు. అదే మందు 6 లార్వాలున్న గుత్తిలో సగాన్ని చంపితే 3 మాత్రమే మిగులుతాయి. గుత్తికి ఒకటి రెండు లార్వాలే ఉన్న తోటలలో ఈ ప్రభావాన్ని పట్టించుకోనవసరం లేదు.

అందువలన సర్వే పట్టికలో పురుగు ఆశించిన గుత్తుల శాతంతో సరిపెట్టక, ఒక్కొక్క గుత్తిలోని లార్వాల సంఖ్యను విడిగా నమోదు చేయాలి. గుడ్డులో లార్వా నల్లని తల కనిపించే దశను కూడా తేదీతో సహా గుర్తించాలి. లార్వాలు బయట తిరిగే కాలం ఆ వెంటనే మొదలవుతుంది.