అమెరికాలో అంత్యక్రియల నిర్వాహకుల శిక్షణ – తెలుగు కుటుంబాలకు దాని ప్రాధాన్యం

అమెరికాలో మరణించిన తెలుగువారి పార్థివదేహాన్ని స్వస్థలానికి చేర్చే ప్రక్రియలో భారత కాన్సులేట్, విమానయాన సంస్థలతో పాటు ఫ్యూనరల్ డైరెక్టర్ పాత్ర కీలకమైనది. ఆసుపత్రి నుండి దేహాన్ని స్వీకరించడం మొదలుకొని దహనం, ఖననం లేదా విమానంలో తరలింపు వరకు బాధ్యత ఈ వృత్తి నిపుణులదే.

దూర ప్రాంతంలో మరణించినవారిని ఇంటికి చేర్చవలసిన అవసరమే ఈ వృత్తి ఎదుగుదలకు ప్రధాన కారణం. 1861-65 అంతర్యుద్ధ కాలంలో సైనికుల దేహాలను స్వగ్రామాలకు పంపేందుకు, రసాయనాలతో దేహాన్ని భద్రపరిచే ఎంబామింగ్ పద్ధతి అక్కడ వ్యాప్తిలోకి వచ్చింది. 1882లో సిన్సినాటి నగరంలో ఈ విద్యకు ప్రత్యేక పాఠశాల ఏర్పడింది.

శిక్షణ విధానం

లైసెన్సు నిబంధనలను ఆయా రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. అనేక రాష్ట్రాలలో సుమారు రెండేళ్ల మార్చురీ సైన్స్ కోర్సు, జాతీయ పరీక్షలో ఉత్తీర్ణత, అనుభవజ్ఞుల వద్ద అప్రెంటిస్‌షిప్ అవసరం. శరీర నిర్మాణ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, రసాయన శాస్త్రం, ఎంబామింగ్, ప్రమాదాలలో దెబ్బతిన్న ముఖాన్ని సరిదిద్దే కళ, అంత్యక్రియలకు సంబంధించిన చట్టాలు, వ్యాపార నిర్వహణ, దుఃఖంలో ఉన్నవారితో వ్యవహరించే తీరు ఇందులో పాఠ్యాంశాలు.

ధరల విషయంలో 1984 నుండి సమాఖ్య నిబంధన అమలులో ఉన్నది. దీని ప్రకారం ప్రతి సేవకు విడివిడిగా ధరల పట్టిక ఇవ్వాలి. చట్టం కోరని సందర్భంలో ఎంబామింగ్ తప్పనిసరి అని కుటుంబాలకు చెప్పరాదు. అయితే, పార్థివదేహాన్ని భారతదేశానికి పంపేటప్పుడు మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టుతో పాటు ఎంబామింగ్ ధ్రువపత్రాన్ని, శవపేటికలో ఆ దేహం తప్ప మరేమీ లేదన్న ప్రమాణపత్రాన్ని కాన్సులేట్‌కు సమర్పించవలసి ఉంటుంది. చివరి రెండు పత్రాలు ఫ్యూనరల్ హోమ్ ఇవ్వవలసినవే. వీటిలో పొరపాటు జరిగితే ఇంటివద్ద ఎదురుచూస్తున్న కుటుంబానికి కడచూపు ఆలస్యమవుతుంది.

కొలరాడో నేర్పిన పాఠం

కొలరాడో రాష్ట్రం 1983లో ఈ లైసెన్సు విధానాన్ని రద్దు చేసింది. 2023 అక్టోబరులో అక్కడి ఒక ఫ్యూనరల్ హోమ్ భవనంలో సుమారు 190 మృతదేహాలు కుళ్లిన స్థితిలో బయటపడ్డాయి. కొన్ని కుటుంబాలకు చితాభస్మమని చెప్పి వేరే పొడిని అందజేసినట్లు దర్యాప్తులో వెల్లడైంది. దరిమిలా 2024 మే నెలలో ఆ రాష్ట్రం చదువు, పరీక్ష, అప్రెంటిస్‌షిప్, నేరచరిత్ర పరిశీలనలతో కూడిన లైసెన్సును 2027 జనవరి 1 నుండి వర్తించేలా చట్టం చేసింది. క్రమబద్ధమైన తనిఖీలకు మరో చట్టం తెచ్చింది.

కుటుంబం పేటిక తెరిచి ప్రతిదీ సరిచూసుకోగల స్థితిలో ఉండదు. ఆ నమ్మకానికి పూచీగా నిలిచేవి శిక్షణ, లైసెన్సు, తనిఖీలే. కనుక బాధిత కుటుంబాలకు సహాయపడే అధికారులు, ప్రవాస సంఘాలు తొలుతనే సంబంధిత రాష్ట్ర లైసెన్సింగ్ సంస్థ వద్ద నిర్వాహకుల అర్హతను సరిచూడడం, ధరల పట్టికను లిఖితపూర్వకంగా కోరడం శ్రేయస్కరం.