రాతిబుట్టలతో కట్టిన కాలువ

యుద్ధము జరిగిన సీమలో ఇండ్లు కూలుట అందరి కంటను బడును. కాలువ పూడుట రైతునకే ముందుగా తెలియును. ఆఫ్గనిస్తానమున 1979 మొదలు పోరు యెడతెగక సాగుటచే కాలువలను బాగుచేయువారు లేక, రైతులనేకులు పాకిస్తానమునకు వలసపోయిరి. దానిపై 2000వ సంవత్సరమున ఘోరమగు అనావృష్టి సంభవించెను.

కుష్ఠరోగులకు చికిత్స చేయుటకై 1984లో పెషావరునకు వచ్చిన నకమురా తెత్సు అను జపాను వైద్యుడు, మందులకన్న ముందు నీరు కావలెనని గ్రహించెను. ఆయన సంఘమువారు సుమారు 1,600 బావులు త్రవ్వించిరి. అయినను భూగర్భజలము దిగిపోవుచుండెను. కావున 2003 మార్చిలో నంగర్‌హారు ప్రాంతమున కూనారు నదినుండి కాలువ మొదలిడిరి. 2010 నాటికది ఇంచుమించు 25 కిలోమీటర్లు సాగి గంబేరి యెడారిని చేరెను.

మన సభ్యులు గమనింపదగినది దానిని కట్టిన విధము. సిమెంటు గోడ పగిలినచో ఇంజనీరును, సొమ్మును కావలెను. యుద్ధభూమిలో ఆ రెండును దుర్లభము. రాళ్లు మాత్రము కావలసినన్ని గలవు. రాయి పేర్చుట అచ్చటి పల్లెవారికి తరతరముల విద్య. అందుచే ఇనుపతీగతో బుట్టలల్లి, రాళ్లు నింపి, గట్టువెంబడి పేర్చి, వాని వెనుక విల్లో యను నీటియొడ్డు చెట్టు కొమ్మలను నాటిరి. తీగ తుప్పుపట్టి తెగునాటికి వేళ్లు రాళ్లసందుల నల్లుకొని గట్టును పట్టియుంచును.

నదిలోని అడ్డుకట్ట మరింత కష్టమైనది. వేసవిలో మంచు కరిగి కూనారు పొంగును, చలికాలమున తగ్గును. కట్ట ఎత్తైనచో వరద కొట్టుకొనిపోవును. తక్కువైనచో కాలువకు నీరెక్కదు. నకమురా తన స్వస్థలమగు ఫుకువోక సీమలో 1790లో కట్టిన యమద ఆనకట్టను చూచి, దానివలె రాళ్లను నదికి ఏటవాలుగా పరపించెను. కాటన్ దొర కావేరిమీది ప్రాచీనపు కల్లణను చూచి నేర్చినట్లే యిదియు.

పనికి వచ్చినవారు చాలవరకు రైతులే; కొందరు పూర్వము తుపాకి పట్టినవారు. తరువాతి అడ్డుకట్టలతో కలిపి 16,000 హెక్టార్లకు పైగా పారుదల కలిగి, గోధుమ, వరి, నారింజ పండినవి. 2019 డిసెంబరు 4న జలాలాబాదులో ఆయనను, వెంటనున్న అయిదుగురిని దుండగులు కాల్చిచంపిరి. సంఘము పనిని విడువలేదు.

మన పల్లెలలో పిల్లకాలువ గట్టు తెగినచో అర్జీ వ్రాసి కూర్చొనుట మేము చూచుచున్నాము. కుడిమరామతు దినములలో ఊరివారే పలుగు, పార పట్టెడివారు. గట్టు కోతబడుచున్నచోట తొలకరిలో వావిలి కొమ్మలు జానెడు దూరమున నాటి చూడుడు. కొమ్మయే వేరుదన్నును, పశువులును మేయవు.