ఆకునుండి మూలుగదాకా

తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు నడిచే విద్యార్థికి త్రోవలోనే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. రెండింటి పుట్టుక సంవత్సరమూ ఒక్కటే, 1918. విశ్వవిద్యాలయము ఈ నగరములోనే జన్మించినది. సంస్థ మాత్రము నీలగిరులలోని కూనూరులో, పాస్తురు ఇన్‌స్టిట్యూటులోని ఒక్క గదిలో, మెకారిసన్ దొర ఆధ్వర్యమున బెరిబెరి వ్యాధి విచారణకై మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. తోటకూరలో ఏమున్నది, రాగులలో ఏమున్నది అని లెక్కలు కట్టే ఈ శాస్త్రమునకూ, మనిషి ఎముకలోని మూలుగను మార్చే మహాచికిత్సకూ ఏమి సంబంధమని ఎవరికైనా తోచవచ్చును. సంబంధమున్నది. దానిని కలిపినవాడు తెలుగువాడు.

లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చినది. అక్కడి బట్టల మిల్లులలో కూలిచేసే స్త్రీలు గర్భవతులై, పాండురోగముతో ప్రాణాలు విడుస్తూ ఉండేవారు. ఆమె 1929లో కొన్ని నెలలు కూనూరులో కూడా పరిశోధన సాగించినది. ఈస్టు సారమైన మార్మైట్ తినిపించగా ఆ రక్తహీనత కుదురుతున్నదని 1931లో ప్రకటించినది. ఆ గుణము దేనిదో పదేండ్లు తేలలేదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరనుండి ఒక పదార్థమును వేరుచేసి, లాటిను భాషలో ఆకుకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమన్నారు. విల్స్ కనిపెట్టిన గుణము దానిదేనని తరువాత తెలిసినది.

1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే వ్యాధికి సోదరులను కోల్పోయినవారు. నోరు పూసి, తిన్నది ఒంటబట్టక, నెత్తురు పలచబడే రోగమది. లెడర్లీ కంపెనీలో ఆయన నాయకత్వములోని బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. స్ప్రూకు మందు దొరికినది. సోదరులకు మాత్రము అందలేదు.

అదే బృందము ఫోలిక్ ఆమ్లమును పోలిన మారుపదార్థాలను కూడా సృష్టించినది. కణము రెండుగా చీలవలెనంటే ఫోలిక్ ఆమ్లము కావలెను. మారుపదార్థము తాళములో దూరి ఇరుక్కున్న దొంగతాళపుచెవివంటిది. అసలుది పనిచేయజాలదు, కణము చీలజాలదు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వీటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తకాన్సరు పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా నెమ్మదించినదని 1948లో ప్రకటించినాడు. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించినారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెతోట్రెక్సేట్ కథను ఆయన చూడలేదు.

సప్తధాతువులలో రక్తము రెండవది, మజ్జ ఆరవది. రక్తమునుండి క్రమముగా మజ్జ ఏర్పడునని మన ప్రాచీన వైద్యుల మాట. నేటి శాస్త్రము ఈ వరుసను తలక్రిందులు చేసినది: మూలుగే తల్లి, రక్తము బిడ్డ. తలసీమియాలోను, సికిల్ సెల్ వ్యాధిలోను దోషము ఆ తల్లియందే ఉన్నది. మాటిమాటికి రక్తమెక్కించుట ఉపశమనమే గాని కుదుర్చుట కాదు. పాత మూలుగను మందులతో తుడిచివేసి, మరొకరి మూలుగను నాటుట కుదుర్చు మార్గము.

మూత్రపిండము మార్చినప్పుడు ఒంటిలోని తెల్లకణాలు క్రొత్త అవయవమును పరాయిదని పసిగట్టి తరుముతవి. మూలుగ విషయములో భయము రెండువైపులా ఉన్నది. తెల్లకణాల పుట్టినిల్లు మూలుగే గదా! నాటినదానితో వచ్చిన పరాయి కావలివారు ఇంటి యజమానినే శత్రువనుకొని చర్మముమీద, ప్రేగులమీద, కాలేయముమీద విరుచుకుపడతారు. ఒక్కొక్క తోబుట్టువు మూలుగ సరిపడే అవకాశము నాలుగింట ఒక వంతే. సరిపడినా ఈ పోరు రాదని చెప్పలేము.

మూలుగమార్పిడికి 1990లో నోబెల్ బహుమానమందుకొన్న అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ బృందము ఈ పోరును ఆపుటకు వాడినది మెతోట్రెక్సేట్‌నే. మూలుగ నాటిన తరువాత ఒకటవ, మూడవ, ఆరవ, పదునొకండవ దినాలలో కొద్ది మోతాదులో ఇచ్చుట ప్రసిద్ధ పద్ధతి. యజమానిపై లేచి వేగముగా చీలుతున్న పరాయి తెల్లకణాలు ఫోలిక్ ఆమ్లపు ఆకలితో పడిపోతవి. ఈ చికిత్స 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగినది. నేడు హైదరాబాదులోనూ జరుగుతున్నది.

అయితే నోటిలోపలి పొరలోని కణాలు కూడా వేగముగా చీలేవే. కనుక మెతోట్రెక్సేట్ పడిన రోగికి నోరు పూస్తుంది, మెతుకు మ్రింగుట కష్టమౌతుంది. స్ప్రూ అనే మాటకు డచ్చి భాషలో నోటిపూత అనియే అర్థము. కొన్ని ఆసుపత్రులలో, మందు ఇచ్చిన మరునాడు వైద్యుడు దానికి విరుగుడు ఇస్తాడు: ఫోలినిక్ ఆమ్లము. అది సుబ్బారావుగారి బృందము తయారుచేసిన ఆ ఆకుపదార్థపు మరొక రూపమే.