అమెరికన్లు జైల్లో పెట్టిన జనరల్, అదే అమెరికాలో స్టేట్ సెనేటర్ ఎలా అయ్యాడు? మరియానో వయేహో కథ

బే ఏరియాలో మనవాళ్లు చాలామందే ఉన్నారు కదా. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి నాపా వైపు కారులో వెళ్తుంటే దారిలో వలేహో అనే ఊరొస్తుంది. స్పానిష్‌లో పలికితే 'వయేహో'. అది ఒక మనిషి ఇంటిపేరు. పక్కనే బెనీషియా అని ఇంకో ఊరుంది, అది ఆయన భార్య పేరు. భార్యాభర్తల పేర్లతో రెండు ఊళ్లున్నాయి, కానీ ఆ నేల మీద ఆయన హక్కు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకలా జరిగిందో చూద్దాం.

మరియానో గ్వాదలూపె వయేహో 1807లో మాంటెరేలో పుట్టాడు. అప్పుడు కాలిఫోర్నియా స్పెయిన్ చేతిలో ఉండేది, తర్వాత మెక్సికోది అయింది. చిన్న వయసులోనే సైన్యంలో చేరాడు. ఉత్తరాన ఫోర్ట్ రాస్‌లో రష్యన్లు మకాం వేశారు. వాళ్లు కిందికి దిగకుండా చూడాలి. ఆ పని మీద వెళ్లిన వయేహో 1835లో సొనోమా పట్టణం కట్టాడు. పెటలూమాలో ఆయన రాంచో 66 వేల ఎకరాలకు పెరిగింది. అక్కడ చాకిరీ చేసింది ఎక్కువగా స్థానిక ఆదివాసులే. 1837-38లో మశూచి వచ్చి ఆ ప్రాంతంలో వాళ్లు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయారు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 1846 జూన్ 14, తెల్లవారుజాము. ముప్పై మందికి పైగా అమెరికన్ వలసదారులు తుపాకులతో వయేహో ఇంటి తలుపు కొట్టారు. ఆయన వాళ్లను లోపలికి పిలిచి మద్యం పోయించి మాట్లాడాడు. నిజానికి కాలిఫోర్నియా అమెరికాలో కలిస్తేనే మంచిదని ఆయన అభిప్రాయం. అయినా వదల్లేదు. సట్టర్స్ ఫోర్ట్‌కి తీసుకెళ్లి బంధించారు. ఆగస్టులో గానీ బయటికి రాలేదు, అప్పటికి మలేరియా పట్టుకుంది.

అంత జరిగినా ఆయన పక్కకు తప్పుకోలేదు. 1849లో మాంటెరేలో రాష్ట్ర రాజ్యాంగం రాసిన 48 మంది ప్రతినిధుల్లో ఆయనొకడు. స్పానిష్ మాట్లాడే స్థానికులు అందులో 8 మందే. చట్టాలు ఇంగ్లీషుతోపాటు స్పానిష్‌లోనూ ప్రచురించాలని ఆ రాజ్యాంగంలో ఉంది. తర్వాత శాన్ హోసేలో కూర్చున్న మొదటి శాసనసభకు సొనోమా నుంచి సెనేటర్‌గా వెళ్లాడు. కొత్త కౌంటీల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో వివరిస్తూ రిపోర్టు ఇచ్చింది కూడా ఆయనే. రాజధాని కోసం 156 ఎకరాలు, 3 లక్షల 70 వేల డాలర్లు ఇస్తానన్నాడు. 1852లో సభ్యులు వచ్చి చూస్తే భవనం పూర్తికాలేదు, ఉండటానికి గదుల్లేవు. చివరికి 1854లో రాజధాని శాక్రమెంటోకి వెళ్లిపోయింది.

అసలు దెబ్బ మాత్రం భూమి దగ్గర తగిలింది. 1848 ఒప్పందంలో మెక్సికన్ల ఆస్తులకు రక్షణ ఉంటుందని రాశారు. కానీ 1851 భూమి చట్టం ఏం చెప్పిందంటే, పట్టా మీదేనని మీరే నిరూపించుకోండి అని. లాయర్ల ఖర్చు, ఏళ్ల తరబడి కేసులు, ఈలోపు పొలంలో దిగి గుడిసెలేసుకున్న వాళ్లు. మన దగ్గర భూమి తగాదా చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వలేహో, బెనీషియా ఉన్న సస్కోల్ రాంచోపై ఆయన హక్కును 1862లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆయన సభ్యుడిగా ఉన్న అదే శాసనసభ 1850లో ఒక చట్టం చేసింది. పేరులో ఆదివాసుల 'రక్షణ' ఉంది, లోపల మాత్రం వాళ్లతో బలవంతపు చాకిరీ చేయించుకునే వీలుంది. వాళ్ల సాక్ష్యంతో తెల్లవాడికి శిక్ష వేయకూడదని కూడా రాశారు. వయేహోకి కోర్టుకెక్కడానికి చేతిలో కాగితమైనా ఉంది, ఆయన కంటే ముందు ఆ నేల మీద బతికినవాళ్లకు అదీ లేదు.

చివరి రోజుల్లో ఆయన అయిదు సంపుటాల కాలిఫోర్నియా చరిత్ర రాశాడు. 1890లో సొనోమాలోని సొంతింట్లోనే కన్నుమూశాడు. ఆ ఇల్లు ఇప్పుడు స్టేట్ పార్కులో భాగం, అటు వెళ్తే చూసి రండి. మీ ఇంట్లో కూడా ఇలా పట్టా కోసం ఏళ్లు తిరిగిన తాతో, నాన్నో ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.